మూసలో పోయిన ఊరి పేరు

నెల్లూరు జిల్లా ఇందుకూరుపేటలో మాది మూడు తరాల కంసాలి కొట్టు. మా తాత చిట్టా పుస్తకాలు ఇప్పటికీ నా దగ్గరే ఉన్నాయి. గుడ్డ అట్టలు, పురుగు తిన్న అంచులు. అందులో ఒక పుటలో ఇట్లా ఉంది: "పాత కాసులు 3. మేలిమి. కరగబోత. గాజులకు." ఎవరి గాజులో పక్కనే రాసుంది. ఆ పేరు నేను చెప్పను, వాళ్ళ మనవరాళ్ళు ఇప్పటికీ నా కొట్టుకే వస్తారు. తూకం ఉంది, కూలి ఉంది, తరుగు కూడా ఉంది. ఆ కాసులు ఏ ఊరి చేలో దొరికాయో మాత్రం లేదు.

మా నాయన చెప్పేవాడు: "మెట్ట నించి ఒక కాపు తెచ్చినాడంట రా. కాసు మీద మొగాయన తల. గడ్డం ఉండాది, ముక్కు ఇంత. మన రాజు కాదు, దొరా కాదు. మీ తాత గీటురాయి మీద ఒక్క గీటు గీసి, ఇంకేం మాట్టాడకుండా మూసలో ఏసినాడు."

తాతను నేను తప్పు పట్టను. కంసాలికి బంగారం బంగారమే, బొమ్మ మకిలితో సమానం. కుంపట్లో మూస ఎర్రబడ్డాక కాసు వేసి, చిటికెడు వెలిగారం చల్లి, ఊదుగొట్టంతో ఊదుతూ ఉంటే ముందు అంచు మెత్తబడుతుంది. అక్షరాలు ఉంటే అవి అంచు చుట్టే ఉంటాయి కాబట్టి ముందు పోయేది పేరే. తల కాసేపు నిలబడుతుంది. తరవాత ఒక మెరుపు అడ్డంగా పాకి, ఉన్నట్టుండి అంతా ఒక బొట్టయి గుండ్రంగా తిరుగుతుంది. ఆ బొట్టును చూసి అది ఎవరి తలో చెప్పగలిగినవాడు ఈ లోకంలో లేడు.

మా తాత కథ నాకు మళ్ళీ గుర్తుకు రావడానికి కారణం ఒక లెక్చరర్ గారు. నెల్లూరు నుంచి కూతురి కమ్మలు చేయించుకోవడానికి వస్తూ పోతూ, ఒకరోజు జిరాక్స్ కాగితాలు తెచ్చి చదివి వినిపించాడు. 1790లో అచ్చయిన ‘ఏషియాటిక్ రీసెర్చెస్’ రెండో సంపుటంలో అలెగ్జాండర్ డేవిడ్సన్ అనే ఆయన రాసిన ఉత్తరం అది. ఈయన 1785–86లో మద్రాసుకు గవర్నరుగా పనిచేశాడు. అప్పటికి నెల్లూరు సీమ ఆర్కాటు నవాబుదే, కుంపిణీ చేతికి వచ్చింది 1801లో.

ఉత్తరంలో కథ ఇది. నెల్లూరు దగ్గర ఒక రైతు రాళ్ళగుట్ట పక్కన చేను దున్నుతున్నాడు. నాగలి ఇటుక కట్టుబడికి తగిలి ఆగిపోయింది. తవ్వి చూస్తే చిన్న గుడి శిథిలం, దాని కింద చిన్న కుండ, కుండలో రోమన్ బంగారు నాణేలు. రైతు వాటిని పాత బంగారం కింద అమ్మేశాడు. చాలా మటుకు కరిగిపోయాయి. నవాబు కొడుకు అమీరుల్ ఉమరా కనిపెట్టి ముప్పైకి పైచిలుకు కాసుల్ని వెనక్కి రాబట్టాడు. వాటిలో రెండు ఏరుకునే అవకాశం గవర్నరుకు దక్కింది. ఆయన రోమ్ చక్రవర్తి హేడ్రియన్ బొమ్మ ఉన్నదొకటి, ఫాస్టినా రాణి బొమ్మ ఉన్నదొకటి తీసుకున్నాడు. ట్రాజన్ చక్రవర్తి కాసులు కూడా బాగానే ఉన్నాయట.

"ఎవరు కరిగించారని రాశాడా సార్?" అని అడిగాను. లేదు. ఎవరు కరిగిస్తారు, మావాళ్ళే.

ఆ ఉత్తరంలో రెండు సంగతులు నన్ను పట్టుకున్నాయి. కొన్ని కాసులు నిన్ననే టంకసాల నుంచి వచ్చినట్టు కొత్తగా ఉన్నాయట, ఒక్క చెయ్యీ మారనట్టు. ఇంకొన్ని అరిగిపోయి, బెజ్జాలు పడి ఉన్నాయట. వాటిని దండకో మెడకో కట్టుకుని ఉంటారని ఆయన ఊహ. ఇది చదువుతుంటే లెక్చరర్ గారికి రోమ్ కనిపించిందేమో, నాకు కాసులపేరు కనిపించింది. నాణేనికి బెజ్జం వేసేటప్పుడు తలకు పైన, బొమ్మ నిటారుగా వేలాడేట్టు వేస్తాం. రెండో శతాబ్దపు కాసుకు బెజ్జం వేసింది కూడా ఈ నేల మీది కంసాలే అయి ఉండాలి. అంటే దాన్ని నగ చేసిందీ మేమే, పదహారు వందల ఏళ్ళకు కరిగించిందీ మేమే.

తూకం చెప్తాను, అది నా పని. ట్రాజన్, హేడ్రియన్ల కాలపు ఆ బంగారు కాసు పేరు ఆరియస్. ఏడు గ్రాముల పైన తూగుతుంది, సవరకు కాస్త తక్కువ. నూటికి తొంభై తొమ్మిది పాళ్ళు బంగారమే. అందుకే మా తాత ఒక్క గీటుతో మాట ఆపేశాడు. మిరియాలకీ ముత్యాలకీ సన్న బట్టలకీ రోమన్లు ఇచ్చిన సొమ్ము ఇది. ఇండియా ఏటా అయిదు కోట్ల సెస్టర్సులు, అంటే రోమన్ నాణేలు, లాక్కుపోతోందని రోమన్ రచయిత ప్లినీ ఆ కాలంలోనే వాపోయాడు. ఇంకోటి, ఆ దేశంలో గడ్డంతో నాణెం మీదికెక్కడం చక్రవర్తులకు హేడ్రియన్‌తోనే ఆనవాయితీ అయిందని లెక్చరర్ గారు అన్నప్పుడు, నేను పటకారు కింద పెట్టేశాను. మా తాత కరిగించింది అదేనని నేననడం లేదు. ఆయన తరవాత చాలామంది గడ్డాలు పెంచారు. బొట్టయిపోయినదాని మీద ఏ మాటయినా అనవచ్చు, అదే దాంతో చిక్కు.

డేవిడ్సన్ ఉత్తరంలో లేనిది మా చిట్టాలో లేనిదే. నెల్లూరు దగ్గర, అంతే. ఊరు పేరు లేదు. మా ఇందుకూరుపేట వైపు రాళ్ళగుట్ట అన్నది లేదు. పెన్న తెచ్చిపోసిన ఒండ్రు, సముద్రం ఒడ్డున మైపాడు దాకా ఇసుక. కాబట్టి అది పడమట మెట్ట వైపే అయి ఉండాలి. అక్కడ గుట్టలు ఒకటా రెండా? ఆ గుడి పునాది ఇప్పటికీ ఎవరి మామిడితోట కిందో ఉంటుంది. ఎవరికీ తెలియదు.

అలాగని రాసేవాళ్ళు లేకపోలేదు. కుంపిణీ సర్వేయరు కల్నల్ కాలిన్ మెకంజీ దగ్గర పనిచేసిన, ఏలూరువారయిన కావలి ఇంటిపేరు సోదరులు, బొర్రయ్య, లక్ష్మయ్య, ఊరూరూ తిరిగి ఊళ్ళ వృత్తాంతాలు, అంటే కైఫీయతులు, రాయించారు. 1821లో మెకంజీ పోయాక లెక్కవేస్తే నాణేలే 6,218 తేలాయి. మా జిల్లాకయితే బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి 1905లో మూడు సంపుటాల్లో శాసనాలు అచ్చు వేయించారు, ఏ ఊళ్ళో ఏ రాయి ఎక్కడుందో చెప్తూ. రాయికి ఒక సుఖం ఉంది, దాన్ని మూసలో వేయలేరు. రాగిరేకులకు ఆ సుఖం లేదు. కంచరి కొలిమి దాటి ఎన్ని బతికాయో వాటికే ఆ సంపుటాల్లో చోటు దొరికింది. మద్రాసు సివిలు అధికారి రాబర్ట్ సీవెల్ 1904లో దక్షిణాదిలో దొరికిన రోమన్ నాణేలకు పట్టిక వేశాడు. ఎంత పట్టిక వేసినా, డేవిడ్సన్ ఆ ఒక్క ఉత్తరం రాయకపోతే నెల్లూరు కుండ కథ మనదాకా వచ్చేదే కాదు.

ఈ సంపుటాలకూ పట్టికకూ ముందే చట్టం వచ్చింది. 1878 నాటి ఆరో చట్టం, నిక్షేపాల చట్టం. అది నాకు కంఠతా వచ్చు, ఎందుకంటే కొట్టులో పెట్టుకుని ఎంతమందికి చదివి వినిపించానో. భూమిలో దాగి ఉన్న విలువైన వస్తువు ఏదయినా నిక్షేపమే. పది రూపాయల విలువ దాటితే దొరికినవాడు కలెక్టరుకు కాగితం మీద తెలపాలి. ఆ కాగితంలో మూడు సంగతులు ఉండాలి: ఏమి దొరికింది, ఎక్కడ దొరికింది, ఎప్పుడు దొరికింది. వస్తువును ఖజానాలో దాఖలు చేయాలి, లేదంటే హామీ ఇవ్వాలి. నూరేళ్ళ లోపల దాచినవాళ్ళ తాలూకు ఎవరూ హక్కుతో రాకపోతే, వేరే ఒప్పందం లేనప్పుడు, దొరికినవాడికి ముప్పాతిక, భూమి ఆసామికి పాతిక. సర్కారే ఉంచుకోవాలనుకుంటే లోహం విలువ కట్టి, దానిపైన అయిదో వంతు కలిపి ఇవ్వాలి. చెప్పకుండా దాస్తే ఏడాది దాకా జైలు.

అయిదో వంతు ఎక్కువ! మేమయితే తరుగు తీసి తక్కువ ఇస్తాం. మరి 1878 తరవాత కూడా జనం కలెక్టరు దగ్గరికి పోకుండా మా కొట్టు మెట్లే ఎందుకెక్కారు? ఎందుకంటే మేము ప్రశ్నలు అడగం. కుండ దొరికిందన్న మాట ఊళ్ళో పొక్కితే మొదట పాలివాళ్ళు వస్తారు, తరవాత భూమి గొడవ లేస్తుంది, ఆ పైన మూడు కాసులు దొరికినవాడిని మిగతా ముప్పై ఎక్కడ దాచావని నాలుగు తగిలిస్తారు. ముప్పాతిక ఎప్పుడో వస్తుంది, దెబ్బలు ఆ పూటే పడతాయి. కంసాలి దగ్గరయితే పొద్దుగూకేలోపు గాజులు. ఈ లెక్క మా తాతకూ తెలుసు, ఆ మెట్ట కాపుకూ తెలుసు.

నా దాకా వచ్చింది ఒక్కసారే, అదీ బంగారం కాదు. మా మండలంలో వరి మళ్ళు రొయ్యల గుంటలవుతున్న రోజులు, టైగర్ రొయ్య మీద లక్షలొస్తాయని అందరూ ఊగిపోతున్న తొంభైల మొదలు. పగలూ రాత్రీ ప్రొక్లెయిన్లు తవ్వుతున్నాయి. ఒక డ్రైవర్ చొక్కా జేబులోంచి కాగితం పొట్లం తీసి, "ఆచారీ, ఇది ఎండేమో చూడు సామీ" అన్నాడు. చేతిలోకి తీసుకోగానే తెలిసిపోయింది. వెండి అంత మెత్తగా ఉండదు, గోరు దిగుతోంది. సీసం. బొటనవేలి గోరంత బిళ్ళ, బూడిద పొర కట్టి. తడిగుడ్డతో మెల్లగా ఒత్తితే రెండు నిలువు గీతలు, కింద ఒక వంపు. ఓడేమో అనిపించింది, రెండు కొయ్యల ఓడ.

శాతవాహనులు సీసంతో నాణేలు వేశారనీ, యజ్ఞశ్రీ శాతకర్ణి కాలపు కొన్నిటి మీద రెండు కొయ్యల ఓడ ఉంటుందనీ, అవి ఈ కోరమాండల్ తీరంలోనే దొరుకుతాయనీ నాకు తరవాత తెలిసింది. నాది అదేనని ఒట్టు పెట్టను, సగం అరిగింది. డ్రైవర్ని వెంటబెట్టుకుని ఒక ఆఫీసుకు వెళ్ళాను. అక్కడాయన బిళ్ళను అటూ ఇటూ తిప్పి, బంగారమా అన్నాడు. కాదన్నాను. అయితే ఏ సెక్షన్ కిందికి వస్తుందో కనుక్కుని రేపు రమ్మన్నాడు. డ్రైవర్‌కు ఒక పూట కూలి పోయింది. రెండో రోజు వాడు రాలేదు, నేను బతిమాలలేదు. సీసపు బిళ్ళ విలువ పది రూపాయలు దాటుతుందా లేదా అన్నది లాయర్లు తేల్చాలి.

ఆ వారమే మైపాడులో ఒక పెద్దాయనకు, చేపలు పట్టే పట్టపుకాపు, ఈ సంగతి చెప్పాను. ఆయన నవ్వాడు. "అయ్యా? గాలివాన కొట్టినాక ఇసకలో తేల్తాయి గదా. చిన్నప్పుడు ఏరి మా నాయనకిచ్చేవాళ్ళం. కరిగించి వలకు గుండ్లు పోసేవాడు." వల అంచు పట్టుకుని చూపించాడు, వరసగా బూడిదరంగు గుండ్లు. పడవ బొమ్మ పోయి పడవలోకే ఎక్కిందన్న మాట. నేను మా తాత మూస గురించి ఆయనకు చెప్పలేదు.

ఇప్పుడు డిటెక్టర్లు వచ్చాయి. మన పేపర్లో మెటల్ డిటెక్టర్ అన్న మాట కనబడితే పక్కనే గుప్తనిధుల ముఠా, నిమ్మకాయలు, కోడి, పోలీసులు ఉండి తీరాలి. సర్కారు సొంతంగా వెతికిన ముచ్చటా ఉంది. 2017 డిసెంబరులో కర్నూలు జిల్లా తుగ్గలి మండలం చన్నంపల్లి కోటలో నిధి కోసం అధికారులే తవ్వించారు. ఎముకలు, ఇటుకలు బయటపడ్డాయి. 2020లో చేజర్ల మండలం పెరుమాళ్ళపాడు దగ్గర పెన్న ఇసుకలో కూరుకుపోయిన నాగేశ్వరాలయం బయటపడిందంటే అది ఊరి కుర్రాళ్ళు యంత్రంతో తవ్వించినందువల్ల. మా మైపాడులో కార్తీక పున్నమి స్నానాలయ్యాక పిల్లలు తాడుకు అయస్కాంతం కట్టి ఈడుస్తారు. దానికి ఇప్పటి ఉక్కు బిళ్ళలే అంటుకుంటాయి. బంగారం, సీసం, రాగి అయస్కాంతానికి లొంగవు. ఒక విధంగా అది మంచికే.

మా తమ్ముడి మనవడు ఇంగ్లండులో ఉంటాడు. అక్కడ ఆదివారం పూట చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని పొలాల్లో డిటెక్టర్ తిప్పేవాళ్ళు మామూలు జనమట, ప్లంబర్లు, రిటైరైన టీచర్లు. 1996 చట్టం ప్రకారం నిధి అనదగింది దొరికితే పద్నాలుగు రోజుల్లో కరోనర్ అనే అధికారికి చెప్పాలి. మా వాడు చెప్పిన రెండో సంగతి నాకు ఎక్కువ నచ్చింది. 1997లో మొదలైన ఒక పథకం కింద, నిధి కాని వస్తువులు కూడా, విరిగిన బకిల్, సీసపు తూకపు రాయి, అరిగిన రాగి బిళ్ళ, జిల్లా జిల్లాకూ ఉన్న అధికారికి చూపిస్తే, ఆయన ఫోటో తీసి, తూచి, దొరికిన చోటు రాసుకుని, వస్తువు వెనక్కి ఇచ్చేస్తాడు. అట్లా నమోదైనవి పదిహేను లక్షలు దాటాయి. 2009లో స్టాఫర్డ్‌షైర్‌లో ఒక పొలంలో డిటెక్టర్ పట్టుకున్నాయనకు 3,500కు పైగా బంగారు, వెండి ముక్కలు దొరికితే 32.85 లక్షల పౌండ్లు కట్టి, ఆయనకూ రైతుకూ చెరిసగం ఇచ్చారు. ఆ ముక్కల్ని మా వాడు బర్మింగ్‌హామ్ మ్యూజియంలో చూసి ఫోన్ చేశాడు. "తాతా, మట్టి రేణువు కూడా తూచారు" అన్నాడు. అంతా ధర్మాత్ములని కాదు. రాత్రిపూట దొంగతనంగా తవ్వేవాళ్ళు అక్కడా ఉన్నారట. అయితే అక్కడ బిళ్ళ పట్టుకుని వెళ్ళినవాడిని ముందు అడిగేది బంగారమా అని కాదు, ఎక్కడ అని.

ఆ సీసపు బిళ్ళను డ్రైవర్ తీసుకుపోయాడు. వాడిది ప్రకాశం జిల్లా వైపు, పని అయిపోగానే బండితో పాటే వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు వాడిని బండి మీద ఎక్కించుకుని పోయి చోటు చూపించమన్నాను. ఇంటికొచ్చి, మా తాత చిట్టాలోనే, గాజుల వరస ఉన్న పుటకు ఎదురు పుటలో రాశాను: "సీసపు బిళ్ళ 1. ఓడ బొమ్మ కావచ్చు. మైపాడు రోడ్డుకు దక్షిణం, కొత్త రొయ్యల గుంట తూర్పు గట్టు, నడుము లోతు, నల్లమట్టి కింద ఇసుక తగిలిన చోట. పక్కన కుండ పెంకులు." తేదీ వేశాను. కరగబోయలేదు అని కూడా రాశాను. పుస్తకం మూసి బీరువాలో పెట్టాక గుర్తుకొచ్చింది, తూకం వేయడం మరిచిపోయానని.