మాటల చుట్టరికం తెలిపిన భద్రిరాజు

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పాత వరంగల్ జిల్లాలోనే ఉన్న రోజుల్లో, మూడు వైపుల పిల్లలమూ ఒకే బడిలో చదివాం. కోయ మాట్లాడే మిత్రులు తరగతిలో నోరు విప్పడానికి జంకేవారు. "అదీ ఒక భాషేనా?" అన్న ఎగతాళి మేమంతా విన్నదే. దానికి జవాబు నాకు ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి పరిశోధనలో దొరికింది.

1928లో ఒంగోలులో పుట్టిన ఆయన 1957లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ పొందారు. ఉస్మానియాలో భాషాశాస్త్ర శాఖను నిలబెట్టారు. 1986 నుంచి 1993 దాకా హైదరాబాద్ విశ్వవిద్యాలయ వైస్ ఛాన్సలర్‌గా పనిచేశారు.

తెలుగుకు తమిళ, కన్నడాల కంటే గోండి, కోయ, కువి భాషలే దగ్గరి చుట్టాలని ఆయన ఆధారాలతో చూపారు. తమిళంలో 'ఇరండు' అన్నది తెలుగులో 'రెండు', గోండిలో 'రండ్'. మొదటి అచ్చు, పక్క హల్లు ఇలా తావులు మార్చుకోవడం ఈ శాఖ ప్రత్యేకత. అంటే కోయ తెలుగుకు తోబుట్టువే.

పండితుల గ్రంథాలతోనే ఆయన తృప్తిపడలేదు. రైతుల నోటి మాటలతో 1962లో, నేతగాళ్ల మాటలతో 1971లో మాండలిక వృత్తి పదకోశాలు తెచ్చారు. 2012లో కన్నుమూశారు.

ఈ స్వర్ణోత్సవాన ఉపాధ్యాయ మిత్రులకు నాదొక్కటే మనవి: పిల్లలు ఇంటి నుంచి తెచ్చే మాటను దిద్దే ముందు ఒకసారి రాసి పెట్టుకోండి.