పొయ్యి దగ్గర యజమాని: హోటల్ ఆటల చరిత్రలో ఒక మలుపు

హోటల్ నడిపే వీడియో గేముల చరిత్ర చెప్పేవాళ్ళు సాధారణంగా ఒకే గీత గీస్తారు. 1983లో ట్యాపర్‌తో మొదలుపెట్టి, 2004లో డైనర్ డాష్ దగ్గర కాసేపు ఆగి, అక్కణ్ణుంచి ఫేస్‌బుక్ మీదుగా ఫోన్లలోకి దిగి, 2016లో, మనుషుల రోజువారీ బతుకును నడిపించే ది సిమ్స్ 4 ఆటకు అదనంగా వచ్చిన డైన్ అవుట్ దగ్గర తేలుతారు. ఆట అంతకంతకూ అసలు హోటల్‌కు దగ్గరవుతూ వచ్చిందని వాళ్ళ లెక్క. వేసవి సెలవుల్లో మా పెదనాన్న మెస్‌లో గల్లాపెట్టె దగ్గర కూర్చుని చిల్లర లెక్కపెట్టిన అలవాటు వల్ల కావచ్చు, నాకు ఆ లెక్క మొదటినుంచీ కుదరలేదు. నాకు తెలిసి ఈ ఆటలు అసలు హోటల్‌కు బాగా దగ్గరగా వచ్చింది 2006లో. ఆ తర్వాత దూరం జరగడమే ఎక్కువ.

ముందు, ఇది ఒక గీత కాదు, రెండు. వడ్డనది ఒకటి, లెక్కలది ఒకటి. ట్యాపర్‌లో బార్ మనిషి గ్లాసులు నింపి బల్ల మీద జారవిడుస్తాడు. ఆలస్యమైతే గిరాకీ మీదికొస్తాడు. డబ్బు లెక్కలేవీ ఉండవు. లెక్కల గీత అంతకన్నా పాతది. 1973లో మిన్నెసోటా బడిపిల్లల కోసం బాబ్ జేమిసన్ రాసిన లెమనేడ్ స్టాండ్ అనే నిమ్మరసం ఆటలో ఎన్ని గ్లాసులు చెయ్యాలి, ఎంతకు అమ్మాలి, ఎన్ని బోర్డులు కట్టాలి అని అంకెలు చెబితే చాలు. ఎండ కాస్తే లాభం, వాన పడితే నష్టం. ఇందులో గిరాకీ ముఖమే కనబడదు. 1994లో బుల్‌ఫ్రాగ్ వాళ్ళ థీమ్ పార్క్ ఈ గీతకు కాస్త కొంటెతనం కలిపింది. చిప్స్‌లో ఉప్పు పెంచితే పక్క కొట్లో కూల్‌డ్రింకులు ఎక్కువ అమ్ముడుపోతాయి. అదే ఏడాది జర్మనీ నుంచి వచ్చిన పిజ్జా కనెక్షన్, పిజ్జా మీద ఏ ముక్క ఎక్కడ పడాలో కూడా మన చేతికే వదిలింది. పోటీ కొట్లను దెబ్బతీసే గూండా పనులకూ అందులో చోటుంది. 2003లో హాంగ్‌కాంగ్‌కు చెందిన ట్రెవర్ చాన్ సంస్థ ఎన్‌లైట్ తెచ్చిన రెస్టారెంట్ ఎంపైర్‌తో లెక్కల గీత పూర్తిగా ఎదిగింది. కుర్చీల దగ్గర్నుంచి వంటకాల జాబితా దాకా, పారిస్ నుంచి లాస్ ఏంజెలెస్ దాకా అన్నీ చేతిలో ఉంటాయి. మనం మాత్రం మిద్దె మీద నుంచి చూస్తున్నట్టే ఉంటాం.

మరుసటి ఏడాది వచ్చిన డైనర్ డాష్‌ను తక్కువ చెయ్యను. ఆఫీసు ఉద్యోగం విసుగెత్తి హోటల్ పెట్టిన ఫ్లో అనే అమ్మాయి, అంతవరకు గేముల కంపెనీలు పట్టించుకోని ఎందరో ఆడవాళ్ళను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది. గిరాకీల సహనాన్ని గుండెల గుర్తులుగా చూపడం, ఒకే రకం పనిని వరసగా చేస్తే ఎక్కువ మార్కులివ్వడం చక్కటి ఆలోచనలు. వంటకాలన్నీ గుక్కతిప్పుకోకుండా అప్పజెబుతూ వడ్డించే మన సర్వరు కూడా చేసేది ఆ వరస కట్టడమే. కానీ ఫ్లోకు ఆకలి లేదు, నిద్ర లేదు, ఇల్లు లేదు. ట్యాపర్ బార్ మనిషికి గౌను తొడిగి గల్లా ఇచ్చినట్టుంది తప్ప, రెండు గీతలూ ఇక్కడ కలిశాయనడం తొందరపాటు.

అవి కలిసింది 2006 మార్చిలో, ది సిమ్స్ 2కు అదనంగా వచ్చిన ఓపెన్ ఫర్ బిజినెస్‌లో. చరిత్రలు రాసేవాళ్ళు దీన్ని రెండు వాక్యాల్లో దాటేస్తారు. ఎందుకంటే దాని పేరు చెబితే గుర్తొచ్చేది హోటల్ కాదు, పూలకొట్టు, బొమ్మలకొట్టు. ఆ అభ్యంతరంలో నిజం లేకపోలేదు. పూలు కట్టడానికి, బొమ్మలు చెయ్యడానికి, గల్లా చూడ్డానికి, సరుకు సర్దడానికి, రోబోలు చెయ్యడానికి కంచు, వెండి, బంగారు పతకాలు పెట్టారు. వంటకు మాత్రం పతకం లేదు. తయారుచేసినవాళ్ళ మనసులో ఉన్నది హోటల్ కాదు, దుకాణం అన్నమాట. అంతకుముందు ఏడాది ఇదే ఆటకు నైట్‌లైఫ్ అనే అదనపు భాగంలో వచ్చిన హోటల్ సరంజామాను, అంటే గిరాకీని కూర్చోబెట్టే బల్ల, పెద్ద పొయ్యి, ఇవన్నీ దుకాణం పద్ధతికి అతికించారు. అతుకు కనిపిస్తూనే ఉంటుంది.

అయినా ఆ అతుకులోనే మిగతావాటికి చేతకానిది జరిగింది. ఇక్కడ యజమాని మనిషి. తనే పొయ్యి దగ్గర నిలబడొచ్చు, తనే వడ్డించొచ్చు. ఇంట్లోవాళ్ళను పనిలో పెడితే జీతం ఇవ్వక్కర్లేదు. బయటివాళ్ళను పెట్టుకుంటే గంటల లెక్కన ఇవ్వాలి, విశ్రాంతి ఇవ్వకపోతే వాళ్ళ ముఖం మాడుతుంది. సంతోషపడిన గిరాకీ నక్షత్రం ఇస్తాడు, చిరాకుపడినవాడు తీసేసుకుంటాడు. అవి పోగైతే వ్యాపారం పదో మెట్టు దాకా ఎక్కుతుంది. హోటల్ పేరును గిరాకీ గిరాకీకీ విడిగా లెక్కకట్టిన ఆట అంతకుముందు నాకు కనబడలేదు.

అసలు కిటుకు వేరే చోట ఉంది: గడియారంలో. సిమ్స్ 2లో ఒక విచిత్రం ఉంది. మనిషి ఇల్లు వదిలి ఊళ్ళోకి వెళ్తే ఇంటి దగ్గర కాలం ఆగిపోతుంది. పొద్దున పదింటికి కారెక్కి, ఊళ్ళో హోటల్ తెరిచి, రాత్రంతా నడిపి వచ్చినా ఇంట్లో మళ్ళీ పదే. మనిషి మాత్రం అలిసి, ఆకలితో తిరిగొస్తాడు. ఆటగాళ్ళు దీన్ని లోపమన్నారు, లోపమే. కానీ అదే హోటల్‌ను ఇంట్లోనే పెడితే ఈ వెసులుబాటు పోతుంది. గిరాకీల గడియారం, కడుపు గడియారం, బడి గడియారం మూడూ ఒక్కటే అవుతాయి.

ఒకసారి ఇలాగే పెట్టాను. ముందు గదిలో నాలుగు బల్లలు వేసి, వెనక పొయ్యి పెట్టి, మొగుణ్ణి వంటకు, పెళ్ళాన్ని వడ్డనకు నిలబెట్టాను. మధ్యాహ్నం మూడింటికి బడి బస్సు ఆగింది. పిల్ల పుస్తకాలతో లోపలికొచ్చి బల్లల మధ్య నిలబడింది. హోంవర్కు చేయించడానికి వాళ్ళమ్మను పిలిస్తే, మూడో బల్ల మీద గిరాకీ నక్షత్రం పోయింది. పిలవకపోతే బల్ల నిలబడింది, పిల్ల ఏడ్చింది. సాయంత్రానికి పొయ్యి దగ్గర మనిషి నిలబడే నిద్రపోవడం మొదలెట్టాడు. వాకిట్లో తెరిచాం, మూశాం అని చెప్పే బోర్డుంటుంది. దాన్ని ఎప్పుడు తిప్పాలన్నదే ఆట మొత్తం. పెదనాన్న మెస్‌లో మా పెద్దమ్మ పదకొండింటికి షట్టర్ సగం దించి, లోపల కూర్చుని అన్నం తినేది. ఆ సగం షట్టర్ నాకు ఇంకే ఆటలోనూ కనబడలేదు.

దీన్ని పొగిడేముందు ఒప్పుకోవాల్సినవీ ఉన్నాయి. అద్దె లేదు, ఊళ్ళో పెట్టాలంటే స్థలం కొనుక్కోవాల్సిందే. ఖాతా పుస్తకం లేదు, నెలాఖరున తెస్తానని తిని వెళ్ళేవాడు లేడు. గంటకింతని వసూలు చేసే టికెట్ యంత్రం ఒకటి గుమ్మంలో పెడితే వంట లేకుండానే డబ్బు వచ్చిపడుతుంది. చాలామంది ఆ అడ్డదారే పట్టారు. నేను చెప్పేది ఆట గొప్పదని కాదు, దాని ఇరుకు నిజమైనదని. యజమాని ఒంటిని హోటల్ లోపల పెట్టడం వల్లే ఆ ఇరుకు పుట్టింది.

2009లో ఈ దారి రెండు చోట్ల మూసుకుపోయింది. ది సిమ్స్ 3లో ఊరంతటికీ ఒకే గడియారం వచ్చింది. నేను మొత్తుకున్న లోపం తీరినట్టే. కానీ హోటల్ ఒక మూసిన భవనం అయిపోయింది. మనిషి తలుపు తోసుకుని లోపలికెళ్తాడు, తలుపు మూసుకుంటుంది, మనం వాకిట్లో నిలబడి చప్పుళ్ళు వినాలి. డబ్బుంటే ఆ భవనంలో వాటా కొనుక్కోవచ్చు, అప్పుడప్పుడు రాబడి వస్తుంది. అది హోటల్ నడపడం కాదు, షేర్లు కొనడం. తర్వాత ఆ ఆట స్టోర్‌లో విడిగా అమ్మిన బిస్ట్రో సెట్టు ఆ తలుపు కొంత తెరిచింది కానీ, ఆటలో అది అద్దెకొచ్చిన సామానులాగే మిగిలింది.

అదే ఏడాది ఫేస్‌బుక్‌లో రెస్టారెంట్ సిటీ, కేఫే వరల్డ్ వచ్చాయి. కేఫే వరల్డ్‌లో పొయ్యి మీద కూర పెట్టి వెళ్ళి, సరైన వేళకు రాకపోతే పాడైపోయేది. కాలం ఇక్కడా ఉంది, కానీ అది ఆటలోని మనిషిది కాదు, ఆడేవాడిది. ఆగలేనివాడు డబ్బిచ్చి ఆ కాలాన్ని కొనుక్కుంటాడు. మన వైపు నుంచి కూడా దీనికి వారసులున్నారు. 2014లో స్టార్ చెఫ్ ఆటను తెచ్చిన 99గేమ్స్ సంస్థది ఉడుపి. దేశమంతా హోటళ్ళు పెట్టిన ఊరి నుంచి వచ్చిన హోటల్ ఆటలోనూ, వంట ఉడకడానికి పట్టే కాలాన్ని డబ్బుతో తగ్గించుకునే పద్ధతే నడిచింది. ఉడుపి మీద మనకున్న మోజు వల్ల నేను ఎక్కువ ఆశించానేమో.

ఇక డైన్ అవుట్. బల్లలు, యూనిఫారాలు, సరుకు నాణ్యత, వంటవాళ్ళకు శిక్షణ, ప్రకటనల ఖర్చు, చివర నక్షత్రాల రేటింగ్ అన్నీ ఉన్నాయి. జాబితా చూస్తే 2006 నాటిదానికన్నా చాలా పెద్దది. కానీ యజమాని పొయ్యి ముట్టుకోకూడదు. వంటకు, వడ్డనకు, గిరాకీల్ని కూర్చోబెట్టడానికి ఎవరినో ఒకరిని పెట్టుకోవాల్సిందే. యజమాని బల్లల మధ్య తిరుగుతూ బాగున్నాయా అని అడగొచ్చు, వంటవాణ్ణి మెచ్చుకోవచ్చు, మందలించవచ్చు. వంటలో పదో మెట్టెక్కిన మనిషి తన హోటల్‌లో ఆమ్లెట్ వెయ్యలేడు. దీన్ని సాంకేతిక ఇబ్బంది అంటారు కొందరు. నాకలా అనిపించదు. యజమాని అంటే చేతులు వెనక్కి కట్టుకుని తిరిగేవాడన్న ఊహ దీని వెనక ఉంది. ఆ ఊహ హోటల్‌ది కాదు, ఆఫీసుది. మాస్టరు చెప్పకుండా మానేసిన రోజున గరిటె పట్టలేని యజమాని కాకాహోటల్ వారం కూడా నడపలేడు.

పొయ్యి దగ్గరి పని మాత్రం ఇప్పుడు ఇతర ఆటల్లో బతికుంది. కొరియా నుంచి 2023లో వచ్చిన డేవ్ ద డైవర్‌లో పగలు సముద్రంలో చేపలు పట్టినవాడే రాత్రి సుషీ వడ్డిస్తాడు. సరుకెక్కడిదన్న ప్రశ్నకు అంత సూటి జవాబు ఇంకే ఆటా ఇవ్వలేదు. 2022 నాటి ప్లేట్‌అప్ నలుగురు స్నేహితుల్ని ఒకే వంటగదిలో కుక్కి, ఎవరు గిన్నెలు కడగాలని కొట్టుకునేలా చేస్తుంది. రెండూ నాకిష్టమే. అయినా వీటిలో బడి బస్సు ఆగదు.

2025 మార్చిలో ది సిమ్స్ 4కు వచ్చిన బిజినెసెస్ అండ్ హాబీస్‌తో ఇంట్లో వ్యాపారం, గంటకింత టికెట్ రెండూ తిరిగొచ్చాయి. మొదట తిరిగొచ్చింది పొయ్యి కాదు, టికెట్ యంత్రమే అని గమనించాను. ముందు గదిలో నాలుగు బల్లలు వేసి ఉంచాను, ఇంకా బోర్డు తిప్పలేదు.