ఊపిరికి రెండు దారులు

మన బళ్ళారి ప్రాంతంలో కన్నడం వాళ్ళు ఉబ్బసాన్ని "దమ్ము" అంటారు. తెలుగులో దమ్మున్నవాడంటే ధైర్యం గలవాడని మెచ్చుకుంటాం. ఒకే మాట, గడప దాటేసరికి జబ్బయి కూర్చుంది! క్లాసులో ఈ సంగతి చెబితే పిల్లలు నవ్వుతారు. ఇంట్లో దమ్ముతో తెల్లవార్లూ కూర్చునే తాతో అవ్వో ఉన్న పిల్లలు మాత్రం నవ్వరు.

మొన్న మా వీధిలోని పెద్దాయన ఒకరు ఒక డబ్బా పట్టుకొని వచ్చారు. "మాస్టారూ, ఇది రష్యా మందట. ఊపిరితిత్తుల్ని కొత్తవి చేస్తుందట. మావాడు తెప్పించి పంపాడు. ఇక ఆ పీల్చే మందు మానేయవచ్చునా?" అని అడిగారు. అట్టమీద పెప్టైడ్ అని ఉంది. నేను వైద్యుణ్ణి కాను, పిల్లలకు సైన్సు చెప్పుకునేవాణ్ణి. అయితే ఆ మాట వెనుక కొంత చరిత్ర ఉంది. అదే ఈవేళ మీకు చెబుతాను.

మన ఒంట్లోని మాంసకృత్తులన్నీ అమైనో ఆమ్లాలనే పూసలు గుచ్చిన దండలు. దండ పొట్టిదైతే దానిని పెప్టైడ్ అంటారు. 1901లో జర్మనీలో ఎమిల్ ఫిషర్ రెండే పూసలున్న దండను తయారుచేసి చూపించాడు. చక్కెర జబ్బువాళ్ళకిచ్చే ఇన్సులిన్‌లో 51 పూసలున్నాయి. కాబట్టి పెప్టైడ్ అన్నంత మాత్రాన అది మాయా కాదు, మోసమూ కాదు.

1970ల నాటి లెనిన్‌గ్రాడ్‌కు వెళదాం. అక్కడి సైనిక వైద్య అకాడమీలో వ్లదీమిర్ ఖావిన్‌సన్, వ్యాచెస్లావ్ మొరోజొవ్ అనే వైద్యులు దూడల శరీరంలోని గ్రంథుల నుంచి సారం తీశారు. రొమ్ము ఎముక వెనుక ఉండే థైమస్ గ్రంథి సారంతో చేసిన థైమలిన్ అనే మందుకు 1982లో సోవియట్ ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. ఏ అవయవపు సారం ఆ అవయవాన్నే బాగుచేస్తుందన్నది వారి సిద్ధాంతం. దేశం విడిపోయాక, 1992లో, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో దీనికోసమే ఒక సంస్థ వెలిసింది. ఆ తరువాత వాళ్ళు, సారమంతా అక్కరలేదు, అందులోని రెండు మూడు నాలుగు పూసల ముక్కే పనిచేస్తుందన్నారు. అలా శ్వాసనాళాలకని చెప్పి అలనిన్, గ్లుటామిక్ ఆమ్లం, అస్పార్టిక్ ఆమ్లం, ల్యూసిన్ అనే నాలుగింటిని గుచ్చారు. దానికి పెట్టిన పేరు బ్రాంకోజెన్. ఇది కణంలోని జన్యువులను నిద్రలేపుతుందని వారి వాదన. విషవాయువు పీల్చి శ్వాసనాళాలు చెడిన ఎలుకలకు ఇస్తే లోపలి పొర కోలుకుందని రాశారు. ఖావిన్‌సన్ 2024లో కన్నుమూశారు.

ఎలుకలు కోలుకుంటే సంతోషమే. కానీ ఈ రాతల్లో ఎక్కువభాగం ఆ ఒక్క బృందం నుంచి వచ్చినవే. సంబంధం లేని వైద్యులు వందలమంది రోగులను తీసుకొని, సగంమందికి అసలుది, సగంమందికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి పోల్చిన పెద్ద పరీక్ష ఊపిరితిత్తుల విషయంలో కనబడదు.

ఇప్పుడు రెండో దారి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల ఊపిరితిత్తులు, తడిసిన ప్లాస్టిక్ సంచి అంటుకుపోయినట్టు, విచ్చుకోవు. వాటిని అంటుకోనీయని జారుడు పదార్థం ఆ బిడ్డల్లో తయారుకాలేదని 1959లో మేరీ ఎలెన్ ఏవరీ, జియర్ మీడ్ తేల్చారు. కారణం తెలిసింది గాని మందు లేదు. 1963 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ కొడుకు, పేరు పాట్రిక్, 39 గంటలు బతికి ఇదే జబ్బుతో పోయాడు. అధికారం, ధనం, పెద్ద ఆస్పత్రి, అన్నీ ఉండి కూడా.

1980లో జపాన్‌లోని అకితా నగరంలో ఫుజివారా అనే వైద్యుడు ఆవు ఊపిరితిత్తుల నుంచి తీసిన సారంతో చేసిన మందును పదిమంది పసివాళ్ళ గొంతు గొట్టంలోకి పోశాడు. వాళ్ళ ఊపిరి తేలికపడింది. ఇదీ పశువు నుంచి తీసిన సారమే గమనించండి! కానీ ఆయన మాటను ఎవరూ ఊరికే నమ్మలేదు. దేశదేశాల వైద్యులు చీటీ వేసినట్టు బిడ్డలను రెండు జట్లుగా విడదీసి పరీక్షించారు. మందు నిలిచింది. 1991లో అమెరికాలోనూ అనుమతి దొరికింది. అందులో కొవ్వుతో పాటు పనిచేసేవి రెండు చిన్న మాంసకృత్తులు. వాటిలో ఒకదానికి బదులుగా 21 పూసల పెప్టైడ్ పెట్టి చేసిన మరో మందుకు 2012లో అనుమతి వచ్చింది గాని, అంగట్లో ఎక్కువకాలం నిలవలేదు.

పెద్దాయనకు ఇదంతా చెప్పాను. ఓపిగ్గా విన్నారు. "పీల్చే మందు మాత్రం మానకండి, ఈ డబ్బా మీ డాక్టరుగారికి చూపించండి" అన్నాను. ఆయన డబ్బాను చేతిలో అటూ ఇటూ తిప్పి, "వాడు ఇంత డబ్బు పోసి పంపాడు మాస్టారూ, వేసుకోలేదంటే ఏమనుకుంటాడో" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేకపోయింది. మర్నాడు ఇద్దరం కలిసి డాక్టరు దగ్గరకు వెళ్ళాం.