తాండూరు ఎప్పుడైనా కర్ణాటకలో ఉందా? ఒకే ఇల్లు, నాలుగు జిల్లాల కథ

ఇవాళ్టి ఎపిసోడ్‌ని ఒక చిన్న పొడుపు ప్రశ్నతో మొదలుపెడదాం.

యాలాల్‌లో ఒక తాత ఉన్నాడనుకోండి. 1940లో పుట్టాడు. పుట్టిన ఇల్లు, పెరిగిన ఇల్లు, ఇప్పుడు అరుగు మీద కూర్చున్న ఇల్లు, మూడూ ఒకటే. పెళ్లిళ్లకీ జాతరలకీ తప్ప ఊరు దాటింది లేదు. కానీ ఆయన మూడు రాష్ట్రాల్లో, నాలుగు జిల్లాల్లో బతికాడు. ఎట్లా?

వీడియో ఆపి ఒక్క నిమిషం ఆలోచించండి. చదువుతున్నవాళ్లయితే ఈ లైన్ దగ్గర ఆగండి.

సరే, జవాబు. ఆ తాత పుట్టినప్పుడు తాండూరు ప్రాంతం నిజాం పాలించే హైదరాబాద్ రాజ్యంలో, గుల్బర్గా జిల్లాలో ఉంది. 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది, తాండూరు తాలూకాని హైదరాబాద్ జిల్లాలో కలిపారు. 1978 ఆగస్టు 15న హైదరాబాద్ జిల్లా నుంచి రంగారెడ్డి జిల్లాను విడదీశారు, ఈ ఊళ్లు అటు వెళ్లాయి. 2014 జూన్ 2న తెలంగాణ వచ్చింది. 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు వికారాబాద్ జిల్లా. లెక్కపెట్టండి: హైదరాబాద్ రాష్ట్రం, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ. గుల్బర్గా, హైదరాబాద్, రంగారెడ్డి, వికారాబాద్. తాత గడప దాటలేదు, గీతలే ఆయన మీదుగా నడిచి వెళ్లాయి.

అసలు ఈ ఎపిసోడ్ చేయడానికి కారణం వాట్సాప్‌లో తిరిగే ఒక మెసేజ్. "మీకు తెలుసా? తాండూరు ఒకప్పుడు కర్ణాటకలో ఉండేది!" అని. తాండూరు వైపు ఇది చాలామంది నమ్మే మాట. కర్ణాటక బార్డర్ దగ్గరే, బజార్లో కన్నడం వినిపిస్తది, ఇంట్లో పెద్దవాళ్లు "మనది గుల్బర్గా జిల్లా ఉండె" అంటారు. అందుకని నమ్మేస్తాం. పెద్దవాళ్లు చెప్పింది కరెక్టే. మెసేజ్ మాత్రం తప్పు.

తాండూరు ఒక్క రోజు కూడా కర్ణాటకలో లేదు.

ఎందుకంటే గుల్బర్గా జిల్లా మైసూరు రాష్ట్రంలోకి వెళ్లింది 1956 నవంబర్ 1న. తాండూరు గుల్బర్గా నుంచి బయటికొచ్చింది కూడా సరిగ్గా అదే రోజు. అక్టోబర్ 31 దాకా రెండూ హైదరాబాద్ రాష్ట్రంలో కలిసే ఉన్నాయి, తెల్లారేసరికి చెరో రాష్ట్రం. పైగా ఆ రోజుకి కర్ణాటక అనే పేరుతో రాష్ట్రమే లేదు. మైసూరు రాష్ట్రానికి కర్ణాటక అని పేరు మార్చింది 1973 నవంబర్ 1న. గుల్బర్గా పేరు కలబురగిగా మారింది 2014 నవంబర్ 1న. మూడు సంగతులకీ తేదీ ఒకటే, సంవత్సరాలే వేరు. క్విజ్‌లో అడగడానికి భలే ఉంటది.

అంటే మెసేజ్‌ని ఇట్లా తిప్పి రాయాలి: తాండూరు కర్ణాటకలో ఉండేది కాదు, గుల్బర్గానే హైదరాబాద్ కింద ఉండేది.

అప్పటి హైదరాబాద్ రాష్ట్రం అంటే ఇప్పటి మ్యాప్ కళ్ల ముందు పెట్టుకోకండి. అందులో తెలుగు జిల్లాలతో పాటు ఔరంగాబాద్, పర్భణీ, నాందేడ్, బీడ్, ఉస్మానాబాద్ అనే ఐదు మరాఠీ జిల్లాలు, గుల్బర్గా, రాయచూరు, బీదర్ అనే మూడు కన్నడ జిల్లాలు ఉండేవి. 1956లో భాషను బట్టి మూడు ముక్కలు చేశారు. కానీ జిల్లా గీత ఒకలా ఉంటది, భాష గీత ఇంకోలా ఉంటది కదా. అందుకే కొన్ని తాలూకాలను జిల్లాల నుంచి తుంచి ఇటు ఇచ్చారు. గుల్బర్గా నుంచి తాండూరు, కొడంగల్. రాయచూరు నుంచి గద్వాల, అలంపూర్. బీదర్ నుంచి నారాయణఖేడ్, జహీరాబాద్‌లో ఎక్కువ భాగం. ఈ ఊళ్లవాళ్లెవరైనా చూస్తుంటే, మీ ఇంట్లో కూడా ఇదే పొడుపు ప్రశ్న వేసుకోవచ్చు.

మరి తాండూరు అసలు గుల్బర్గా కింద ఎందుకుంది అనే డౌట్ రావాలి. దీనికి కాగ్నా నదిని చూస్తే సగం అర్థమైపోతుంది.

తెలంగాణలో నదులన్నీ తూర్పుకే పోతాయని మనలో చాలామంది అనుకుంటాం. వికారాబాద్ అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ అట్లాగే తూర్పుకి పోయి, హైదరాబాద్ మధ్యలోంచి వెళ్లి, నల్లగొండ వైపు వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. 1908 సెప్టెంబర్‌లో హైదరాబాద్‌ని ముంచింది ఈ మూసీయే. కానీ అదే వికారాబాద్ కొండల వైపు నుంచి వచ్చే కాగ్నా మాత్రం రివర్స్. పడమటికి తిరుగుతుంది, యాలాల్, తాండూరు వైపు నుంచి కర్ణాటకలోకి పోయి భీమా నదిలో కలుస్తుంది. భీమా పోయి కృష్ణలో కలుస్తుంది. ఒకే వాన, ఒకే కొండ ప్రాంతం. ఒక చుక్క చార్మినార్ దిక్కు పోతది, ఇంకో చుక్క కలబురగి జిల్లా అంతా చుట్టి వస్తది. రెండూ మళ్లీ కలిసేది వాడపల్లి దగ్గరే.

ఆ నీళ్లు పోయే దారిలో ఇంకో పెద్ద సర్‌ప్రైజ్ ఉంది. తాండూరు దాటి కాగ్నా వెంబడే పోతే సేడం దగ్గర మల్ఖేడ్ అనే ఊరు వస్తది. ఇప్పుడు చూస్తే ఒక మామూలు ఊరు, పక్కన పాత కోట. దాని పాత పేరు మాన్యఖేటం. రాష్ట్రకూటుల రాజధాని. తొమ్మిదో శతాబ్దంలో అమోఘవర్షుడు అరవై ఏళ్లకు పైగా అక్కడి నుంచే పాలించాడు. 851 ప్రాంతంలో సులేమాన్ అనే అరబ్బు వర్తకుడి పేరు మీద ఉన్న రాతల్లో ప్రపంచంలో నలుగురు గొప్ప రాజుల లిస్టు ఉంటుంది: బాగ్దాద్ ఖలీఫా, చైనా చక్రవర్తి, రోమ్ అంటే కాన్‌స్టాంటినోపుల్ చక్రవర్తి, నాలుగోవాడు "బల్హరా". ఆ బల్హరా ఈ మల్ఖేడ్ రాజే. యాలాల్ పిల్లలు ఎండాకాలం క్రికెట్ ఆడే ఏటి నీళ్లే, వానాకాలం ఆ రాజధాని ముందు నుంచి పోతాయి. నాకైతే ఈ ఎపిసోడ్‌లో ఇదే ఫేవరెట్.

నది తర్వాత రైలు. సికింద్రాబాద్ నుంచి వాడి దాకా నిజాం రైలు లైను 1874లో మొదలైంది. వాడి దగ్గర అది బొంబాయి, మద్రాసు లైనుకి కలుస్తుంది. ఇప్పుడు కూడా తాండూరులో రైలెక్కి పడమటికి పోతే సేడం, మల్ఖేడ్ రోడ్, చిత్తాపూర్, వాడి అని వరసగా స్టేషన్లు వస్తాయి. నీళ్లు అటే, పట్టాలు అటే. అధికారులు గుల్బర్గా నుంచి చూసుకోవడంలో వింతేం లేదు.

ఇప్పుడు మీ ఫోన్‌లో చిన్న టెస్ట్ చేయండి. తాండూరు పిన్‌కోడ్ వెతకండి: 501తో మొదలవుతుంది. కొడంగల్ పిన్‌కోడ్ వెతకండి: 509తో మొదలవుతుంది. ఈ రెండు ఊళ్ల మధ్య దూరం గట్టిగా అరగంట ప్రయాణం, రెండూ ఒకే జిల్లా. మరి కోడ్‌లో ఈ తేడా ఎందుకు?

1956లో గుల్బర్గా నుంచి ఇద్దరూ కలిసే బయటికొచ్చారు, కానీ తలుపు దాటగానే విడిపోయారు. తాండూరు హైదరాబాద్ జిల్లాకి, కొడంగల్ మహబూబ్‌నగర్ జిల్లాకి. పిన్‌కోడ్ మన దేశంలో మొదలైంది 1972 ఆగస్టు 15న. అప్పటికి వీళ్లు వేర్వేరు జిల్లాలు, కాబట్టి హైదరాబాద్ వైపు 501, పాలమూరు వైపు 509. తర్వాత 2016లో కొడంగల్‌ని మహబూబ్‌నగర్ నుంచి తీసి వికారాబాద్ జిల్లాలో పెట్టారు. అంటే గుల్బర్గాలో కలిసున్న ఇద్దరు మళ్లీ ఒకే జిల్లాలో కలిశారు. 1956 నవంబర్ 1 నుంచి 2016 అక్టోబర్ 11 దాకా లెక్కేస్తే 60 ఏళ్లకు సరిగ్గా 21 రోజులు తక్కువ. జిల్లా మారింది, బండి నంబర్ మారింది. ఇప్పుడు కొత్త బండి కొంటే టీజీ 34. పిన్‌కోడ్ మాత్రం పాత కాపురాన్ని ఇంకా గుర్తుపెట్టుకుంది.

మధ్యలో ఒక చిన్న ముక్క. వికారాబాద్ అనే పేరు ఎవరిదో తెలుసా? నవాబ్ వికార్ ఉల్ ఉమ్రాది. పైగా వంశం నవాబు, హైదరాబాద్ రాజ్యానికి ప్రధానమంత్రిగా చేసినాయన. ఫలక్‌నుమా ప్యాలెస్ కట్టించింది కూడా ఆయనే.

సరే, ఇదంతా టైంపాస్ ముచ్చటేనా? కాదు. రెండు మూడు చోట్ల ఈ గీతలు మన జేబు దాకా వచ్చాయి.

మొదటిది భూమి. తెలంగాణలో భూమి తగాదా ఏది వచ్చినా లాయర్ అడిగే మొదటి కాగితాల్లో ఒకటి ఖాస్రా పహాణీ. అది 1954-55 నాటిది. అప్పటికి తాండూరు ఏ జిల్లా? గుల్బర్గా. కాబట్టి ఈ వైపు పాత కాగితం తీసి, "అరే, మన పొలం కాగితం మీద వేరే జిల్లా పేరుందేంటి, ఇది దొంగ కాగితమా?" అని కంగారుపడొద్దు. ఆ ఏడాదికి ఆ పేరే కరెక్ట్. ఇంకో చిక్కు, పాత రికార్డులు ఉర్దూలో ఉంటాయి, సంవత్సరం 1364 అని ఉంటుంది. అది ఫస్లీ సంవత్సరం, పన్నుల కోసం పెట్టుకున్న లెక్క. దానికి 590 కలపండి: 1954 వస్తుంది. ఫస్లీ ఏడాది ఎండాకాలం తర్వాత మొదలవుతుంది కాబట్టి 1954-55 అన్నమాట. ఈ ఒక్క లెక్క గుర్తుపెట్టుకుంటే ఇంట్లో మీ విలువ పెరుగుతది, గ్యారంటీ.

రెండోది పప్పు. తాండూరు కందిపప్పుకి 2022 డిసెంబర్‌లో జీఐ ట్యాగ్ వచ్చింది. అంటే ఆ ప్రాంతంలో పండిన కందికే ఆ పేరు వాడుకునే హక్కు. నల్లరేగడి, కింద సున్నపురాయి, మట్టిలో అట్టపుల్గైట్ అనే బంకమన్ను ఖనిజం, వీటి వల్లే ఆ రుచి అని చెప్తారు. అదే సున్నపురాయి పొరల్లోంచే మన ఇళ్లల్లో పరిచే తాండూరు బండలు, షాబాద్ బండలు వస్తాయి, సిమెంటు ఫ్యాక్టరీలు నడుస్తాయి. అయితే అంతకుముందే, 2019లో, గుల్బర్గా కందిపప్పుకి కూడా జీఐ ట్యాగ్ వచ్చేసింది. చూశారా? 1956కి ముందైతే ఈ రెండూ ఒకే జిల్లా పప్పు. ఇప్పుడు రెండు రాష్ట్రాల పేరు మీద రెండు ట్యాగులు. రాష్ట్రం గీత ఎక్కడుందో కంది చెట్టుకి తెలియదు, కానీ ప్యాకెట్ మీద పేరుకి తెలియాలి. రైతుకి రేటు దగ్గర తేడా వచ్చేది ఆ పేరుతోనే. ఏది రుచి ఎక్కువ అని నన్ను అడగకండి, నేను తాండూరు వైపే మాట్లాడతాను.

మూడోది ఉద్యోగం. ఇది మీ అందరికీ నేరుగా సంబంధం ఉన్నది. 2018లో కొత్త రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చినప్పుడు తెలంగాణని ఏడు జోన్లు చేశారు. జిల్లా, జోన్ పోస్టుల్లో 95 శాతం లోకల్ వాళ్లకే. వికారాబాద్‌ని తీసుకెళ్లి మహబూబ్‌నగర్, గద్వాల ఉన్న జోగులాంబ జోన్‌లో పెట్టారు. ఈ జిల్లావాళ్లు ఒప్పుకోలేదు. "మేం నిన్నటిదాకా రంగారెడ్డి, మా బస్సు, మా రైలు, మా కాలేజీ, మా ఆసుపత్రి అన్నీ హైదరాబాద్ దిక్కే, మమ్మల్ని చార్మినార్ జోన్‌లో కలపండి" అని అడిగారు. 2021లో మార్చారు. ఇప్పుడు హైదరాబాద్, రంగారెడ్డి, మేడ్చల్, సంగారెడ్డితో పాటు వికారాబాద్ చార్మినార్ జోన్.

ఇందులో లాభమే ఉందని నేను అనను. రాజధాని చుట్టుపక్కల ఆఫీసులు ఎక్కువ కాబట్టి పోస్టులకి అవకాశం ఉంటది, నిజమే. కానీ కోచింగ్ సెంటర్ల పక్కనే పెరిగిన సిటీ పిల్లలతో యాలాల్ సర్కారు బడిలో చదివిన పిల్ల పోటీ పడాలి. అప్లికేషన్ ఫారంలో "జోన్" అనే చిన్న డబ్బా నింపేటప్పుడు మనం రెండు సెకన్లు కూడా ఆలోచించం. దాని వెనక మూడేళ్ల గొడవ ఉంది.

ఒక పని చెప్తాను. ఇంటికి పోయాక పెట్టె తీసి తాతదో నానమ్మదో పాత బడి సర్టిఫికెట్, పాత రేషన్ కార్డు, పట్టా కాగితం, ఏది దొరికితే అది చూడండి. జిల్లా అని ఉన్న చోట ఏం రాసుందో చూడండి. మడతల దగ్గర చిరిగిపోతుంటాయి, వెలుతురు బాగున్న చోట పెట్టి ఫొటో తీసి దాచుకోండి. గ్రూపులో మాత్రం పెట్టకండి, సర్వే నంబర్లు ఉంటాయి. జిల్లా పేరొక్కటే కామెంట్‌లో రాయండి చాలు. గుల్బర్గా అని ఎంతమందికి వస్తుందో చూద్దాం.