వాన నీటికి దారి, మనిషికి బాట: హైదరాబాదు వీధులు చెప్పే ఆరోగ్య చరిత్ర



ఇంతవరకు మనం రక్తపోటును గురించి, మధుమేహాన్ని గురించి, వానాకాలపు జ్వరాలను గురించి ముచ్చటించుకున్నాం. ఈసారి ఒక వీధిని గురించి చెప్పదలచుకున్నాను. నా సర్వీసులో నేను తప్పుగా రాసిన ఒక కేసు షీటు ఇందుకు కారణం.

2000 ఆగస్టు 24న హైదరాబాదులో కుండపోతగా వాన కురిసింది. బేగంపేట వాతావరణ కేంద్రంలో 24 గంటలలో 24 సెంటీమీటర్లకు పైగా వర్షపాతం నమోదైంది. నేను అప్పుడు ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. ఆ మరునాడు గంపలో కూరగాయలు పెట్టుకొని వీధి వీధి తిరిగి అమ్ముకునే ఒక పెద్దావిడను తీసుకువచ్చారు. వయస్సు అరవై దాటి ఉంటుంది. మోకాలి లోతు నీటిలో నడుస్తూ, మూత లేని మ్యాన్‌హోల్‌లో కాలు పెట్టింది. తుంటి ఎముక మెడ దగ్గర విరిగింది. ‘గాయానికి కారణం’ అన్నచోట నేను ‘కాలు జారి పడుట’ అని రాసి సంతకం చేశాను. ఆమె నా వంక చూసి, "నేను దినాం నడిసే తొవ్వే గద సారూ! ఆ గుంత యాడికెళ్ళి వచ్చింది?" అని అడిగింది. నా దగ్గర సమాధానం లేదు. శస్త్రచికిత్స జరిగింది, ప్రాణం దక్కింది. కాని ఆమె మళ్ళీ గంప ఎత్తుకొని నడవలేదు.

ఆ గుంత ఎక్కడినుంచి వచ్చిందో తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. తెలుసుకున్నంతవరకు మీ ముందు ఉంచుతాను.

ఒక వరద, ఒక ప్రశ్న

హైదరాబాదు ఆధునిక నగరంగా రూపుదిద్దుకోవడం ఒక విపత్తుతో మొదలైంది. 1908 సెప్టెంబరు 28న మూసీ నది పొంగి నగరాన్ని ముంచెత్తింది. అది ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ పాలనాకాలం. సుమారు 15,000 మంది మరణించారని అంచనా. అఫ్జల్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు మూడూ ధ్వంసమయ్యాయి. నాలుగు శతాబ్దాల నాటి పురానాపూల్ ఒక్కటే నిలిచింది. నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. పాతబస్తీ పెద్దలు ఆ వరదను ‘తుగ్యానీ’ అని పిలిచేవారు.

మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం ఆహ్వానం మీద మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు వచ్చి వరద కారణాలను పరిశోధించారు. ‘వాన ఎక్కువ పడింది, నది పొంగింది’ అని రాసి ఆయన ఊరుకోవచ్చు. కాని ఆయన నది ఎగువకు వెళ్ళి లెక్క తీశారు. మూసీ పరీవాహక ప్రాంతంలో 788 చెరువులు ఉండగా వాటిలో 221 తెగిపోయాయని తేల్చారు. అంటే నగరాన్ని ముంచింది వాన ఒక్కటే కాదు. ఒక చెరువు తెగి కింది చెరువు మీద పడటం, అది తెగి మరొకదాని మీద పడటం జబ్బుకు మూలం. మూలం తెలిసింది గనుక మందు కూడా దొరికింది. నగరానికి ఎగువన రెండు జలాశయాలు కట్టమని ఆయన సూచించారు. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ నది మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరదను ఆపడానికి కట్టిన ఈ జలాశయాలే నగరానికి దశాబ్దాల తరబడి తాగునీరు ఇచ్చాయి.

వైద్యవిద్యార్థికి మేము మొదట నేర్పే పాఠం కూడా ఇదే. కారణం తప్పుగా రాస్తే చికిత్స తప్పుతుంది.

వీధికి చికిత్స

వరద గాయం మానకముందే 1911లో నగరంలో ప్లేగు వ్యాపించింది. ఆ ఏడాదే గద్దెనెక్కిన ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో, 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. గాలీ వెలుతురూ చొరని ఇరుకు బస్తీలను తీసివేయడం, రోడ్లను వెడల్పు చేయడం, పేదలకు ఇళ్ళు కట్టించడం, అంగళ్ళు నిర్మించడం దాని పనులు. ఇళ్ళు పోగొట్టుకున్నవారి బాధ ఆ చరిత్రలో ఉన్నదే. అయినా ఆ మండలి ఆలోచనలో ఒక మేలైన సంగతి ఉంది. ఇల్లు, వీధి, మురుగు, గాలి – వీటన్నిటినీ ఒకే ఆరోగ్య సమస్యగా చూసింది.

మీరు చార్మినారు వైపు వెళ్ళినప్పుడు పత్తర్‌గట్టీ దగ్గర ఒక్క నిమిషం ఆగండి. ఆ కాలంలో కట్టిన రాతి కమానుల వరుస అది. కింద దుకాణాలు, పైన నివాసాలు. దుకాణాల ముందు, కమానుల నీడలో నడవా. ఎండైనా వానైనా మనిషి బండ్ల దారిలోకి దిగకుండా ఆ చివరినుంచి ఈ చివరిదాకా నడిచిపోవాలన్నది దానిని కట్టినవారి ఉద్దేశం. ఈనాడు ఆ నడవాలో సరుకులు పరచి ఉండటం వేరే సంగతి.

1922లో నగర మురుగునీటి పారుదల పథకం కోసం విశ్వేశ్వరయ్యగారిని మళ్ళీ పిలిపించారు. 1931 నాటికి సుమారు 4.68 లక్షల జనాభాకు సరిపడేలా భూగర్భ మురుగు కాలువలు అమరాయి. దోమ ద్వారా మలేరియా వ్యాపిస్తుందనడానికి రొనాల్డ్ రాస్ కీలకమైన రుజువును కనుగొన్నది ఈ జంటనగరాలలోనే, 1897 ఆగస్టు 20న. నిలవనీరు లేకుండా చేయడం వైద్యుని మందు సీసాకు తీసిపోని చికిత్స అని తెలిసిన తరం అది.

మోరీ మీద మూతే కాలిబాట

తరువాత ఏమైంది? నగరం పెరిగింది. నాలుగు లక్షల చిల్లరకు వేసిన లెక్క కోటి మందికి ఎక్కడ సరిపోతుంది? చెరువులు పూడిపోయాయి. మాసాబ్‌ట్యాంక్ పేరులో చెరువు ఉంది, ఊరిలో లేదు. వాన నీరు హుస్సేన్‌సాగర్‌కూ మూసీకీ చేరే నాలాల ఒడ్డులు ఇళ్ళతో ఇరుకైపోయాయి. ఇదివరకు మట్టినేల కొంత నీటిని తాగేది. ఇప్పుడు పడిన నీరు పడినట్టే సిమెంటు మీద జారి, ఒక్కసారిగా కాలువలోకి దూకుతుంది. ఆ కాలువలో అప్పటికే ఇళ్ళ మురుగు ఉంటుంది.

పనులు కూడా ముక్కలయ్యాయి. రోడ్డు ఒకరిది, మురుగు మరొకరిది, వాన నీరు ఇంకొకరిది. రోడ్డు మీద మళ్ళీ మళ్ళీ తారు పోస్తూ పోతే రోడ్డు లేచి, ఇంటి గుమ్మాలూ మ్యాన్‌హోల్ మూతలూ పల్లంలో పడతాయి. కాలిబాట సంగతి అడగనక్కరలేదు. చాలా వీధులలో ప్రత్యేకంగా కాలిబాట లేనేలేదు. మోరీ మీద పరచిన రాతి పలకలనే మనం కాలిబాట అంటున్నాం. పలక విరిగిన చోట కాలిబాట గొయ్యి అవుతుంది. వాన వచ్చి నీరు నిండితే గొయ్యి కూడా కనబడదు.

అందుకే నేను అంటాను: నడిచేవారి భద్రత, వాన నీటి పారుదల వేర్వేరు పథకాలు కావు. కాలువను వదిలి కాలిబాట వేస్తే అది మునుగుతుంది. నడిచేవాడిని మరచి కాలువ తవ్వితే అది ఉచ్చు అవుతుంది. 2020 సెప్టెంబరులో ఒకమారు, 2023 ఏప్రిల్‌లో మరొకమారు జంటనగరాలలో వాన నీటి కాలువలలో పడి బాలికలు ప్రాణాలు కోల్పోయారు. వారి వయస్సు పిల్లలు చేయవలసిందల్లా వీధిలోకి వెళ్ళి క్షేమంగా తిరిగి రావడమే.

2020 అక్టోబరు 13న ఘటకేసర్ ప్రాంతంలో ఒక్క రోజులో 32 సెంటీమీటర్ల వాన పడింది. ఆ రాత్రి పల్లెచెరువు కట్ట తెగి ప్రాణనష్టం జరిగింది. విశ్వేశ్వరయ్యగారు 1909లో లెక్క తీసిన రోగమే 111 ఏళ్ళకు మళ్ళీ వచ్చింది. ఆ తరువాత వ్యూహాత్మక నాలాల అభివృద్ధి కార్యక్రమం మొదలై, తొలిదశలో సుమారు 985 కోట్ల రూపాయలతో నాలాలను వెడల్పు చేయడం, పక్క గోడలు కట్టడం చేపట్టారు. చార్మినారు చుట్టూ వాహనాలను నిలిపివేసి, నడిచేవారి కోసం రాళ్ళు పరిచిన పథకమూ చాలా ఏళ్ళకు ఒక రూపానికి వచ్చింది. ఈ పనులను మనం మెచ్చుకోవాలి. మెచ్చుకుంటూనే ఒక ప్రశ్న అడగాలి. మీ పథకంలో నడిచే మనిషి ఎక్కడ ఉన్నాడు?

అంకెలు చెప్పేది

కేంద్ర ప్రభుత్వ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారు. వారిలో 32,825 మంది పాదచారులు. దాదాపు ప్రతి ఐదుగురిలో ఒకరు. కారు గంటకు 50 కిలోమీటర్ల వేగంతో తగిలినప్పటికంటే 65 కిలోమీటర్ల వేగంతో తగిలితే పాదచారికి మరణ ప్రమాదం నాలుగున్నర రెట్లు పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. కాలిబాట లేనప్పుడు మనిషి రోడ్డులోకి దిగుతాడు. కాలిబాట మునిగినప్పుడు కూడా దిగుతాడు. రెండు సందర్భాలలోనూ మేము రాసేది ‘రోడ్డు ప్రమాదం’ అనే.

నివాస ప్రాంతాలలో సైతం కాలిబాట మీద కనీసం 1.8 మీటర్ల వెడల్పున అడ్డంకి లేని నడకదారి ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం. ఇద్దరు చక్రాల కుర్చీల వారు ఎదురెదురుగా దాటగల వెడల్పు అది. 2025 మే నెలలో సుప్రీంకోర్టు, పాదచారులకు కాలిబాట హక్కు రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని స్పష్టం చేసింది. ప్రమాణం ఉంది, హక్కూ ఉంది. మీ వీధికి ఒక టేపు తీసుకువెళ్ళి కొలిచి చూడండి.

నేను చేయబోయిన తప్పు

ఆ పెద్దావిడ పడిన మ్యాన్‌హోల్ మూతను ఎవరూ దొంగిలించలేదని నాకు తరువాత తెలిసింది. ఇళ్ళలోకి నీరు వస్తున్నదని, తొందరగా పోవాలని ఆ వీధివారే మూత తీసి పక్కన పెట్టారు. వారు చెడ్డవారు కారు. తమ బియ్యపు డబ్బాను కాపాడుకుంటున్నారు.

2020 అక్టోబరు రాత్రి మా ఇంటి గేటు దాకా నీరు వచ్చింది. నేను కూడా ఒక కుర్రవాణ్ణి కేకేసి, "బాబూ, ఆ మూత కాస్త తీస్తావా?" అన్నాను. అతడు ఇనుప చువ్వ తెచ్చి ఎత్తబోతుండగా ఇరవై ఏళ్ళ కిందటి ఆమె మాట చెవిలో పడినట్టయింది. వద్దని ఆపాను. మా మెట్ల మీదికి నీరు ఎక్కింది, చాపలు తడిశాయి. తెల్లవారేసరికి తగ్గింది. గుంత యాడికెళ్ళి వచ్చిందని ఆమె అడిగిన దానికి సగం జవాబు ఆ రాత్రి నాకు దొరికింది. సగం గుంత పథకాలలోనిది, సగం మన చేతిలోనిది.

వైద్యునిగా నాలుగు మాటలు

మొదటిది. వాన నీటిలో మ్యాన్‌హోల్ మూత మీరుగా తీయవద్దు. ఎవరైనా తీసి ఉంటే దాని పక్కన ఎత్తుగా కుర్చీయో, ఎర్రగుడ్డ కట్టిన కర్రో నిలబెట్టి, పురపాలక సిబ్బందికి తెలియజేసి, వారు వచ్చేదాకా ఒకరు కాపలా ఉండండి.

రెండవది. పారే నీరు 15 సెంటీమీటర్ల లోతున్నా వేగంగా ఉంటే పెద్దమనిషినైనా పడగొట్టగలదు. వీలైతే ఆగండి. తప్పనిసరైతే చేతికర్రతో ముందు నేలను తడిమి అడుగు వేయండి. కరెంటు స్తంభాలనూ ఇనుప పెట్టెలనూ తాకవద్దు. పిల్లలను ఒంటరిగా పంపవద్దు.

మూడవది. మురుగు కలిసిన నీటిలో నడిచి వస్తే కాళ్ళు సబ్బుతో కడిగి ఆరబెట్టుకోండి. పుండ్లు ఉన్నవారు, మధుమేహం ఉన్నవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. ఆ తరువాత నెల లోపల జ్వరం, పిక్కల నొప్పి, కళ్ళు ఎర్రబడటం, కామెర్లు కనిపిస్తే ఎలుకల మూత్రంతో వ్యాపించే లెప్టోస్పైరోసిస్ కావచ్చు. డాక్టరు దగ్గరకు వెళ్ళి, "వరద నీటిలో నడిచాను" అని మీరే ముందుగా చెప్పండి. ఆ ఒక్క మాట రోగనిర్ణయాన్ని సులభం చేస్తుంది.

నాలుగవది. మీ వీధిలో రోడ్డు పని మొదలైనప్పుడు వెళ్ళి మూడు ప్రశ్నలు అడగండి. నీరు ఎటు పోతుంది? మనిషి ఎక్కడ నడుస్తాడు? మూతలు ఎవరు చూస్తారు? మూడింటికీ జవాబు చెప్పలేని పని అసంపూర్ణమైనది.

పదవీ విరమణకు ముందు కొన్నేళ్ళు నేను కేసు షీటు రాసే పద్ధతి మార్చుకున్నాను. ‘కాలు జారి పడుట’ అని రాయడం మానేశాను. ‘మూత లేని మ్యాన్‌హోల్‌లో పడుట’, ‘విరిగిన పలక వలన పడుట’, ‘కాలిబాట లేనందున రోడ్డు మీద నడుస్తుండగా వాహనం తగులుట’ అని రాసేవాణ్ణి. ఒకరిద్దరు జూనియర్లు నవ్వుకున్నారు. ఆ కాగితాలను ఎవరైనా చదివారో లేదో తెలియదు. కాని ఆ పెద్దావిడకు నేను ఇవ్వగలిగిన జవాబు అదొక్కటే.

వచ్చే వానలకు ముందు మీ వీధి చివరిదాకా ఒకసారి నడిచి చూడండి.