పుల్లరిలో గడ్డి

పోయిన సెలవుల్లో అమ్మ మా దగ్గరికి వచ్చింది. ట్రుగనీనాలో ఇళ్ళ వరుసలు అయిపోయిన చోట ఎండుగడ్డి మైదానాలు మొదలవుతాయి. సాయంత్రం నడకలో అది చూసి, "ఇంత బీడుంటే ఒక్క గొడ్డూ కనపడదేం? ఇక్కడ పుల్లరి ఎక్కువా ఏంటి?" అంది. మాది పల్నాడు. ఆ మాట మా ఇళ్ళలో ఇంకా బతికే ఉంది.

రాత్రి పిల్లలు పడుకున్నాక నిఘంటువులు ముందేసుకున్నాను. (ఆఫీసు పనికి లేని ఓపిక దీనికి ఎక్కణ్ణుంచి వస్తుందో మరి.) పుల్లరిలో 'అరి' అంటే పన్ను, కప్పం. ముందున్న 'పుల్' గడ్డి. తమిళులు ఇప్పటికీ గడ్డిని పుల్ అంటారు, కన్నడిగులు హుల్లు అంటారు. మనమేమో గడ్డి, పచ్చిక, కసవు అనుకుంటూ దాన్ని వాడుకలోంచి వదిలేశాం. గడ్డి పేరు పోయి, దాని మీద వేసిన పన్ను పేరు మిగిలింది. ఎలా మరిచిపోతాం? అడవిలో పశువుల్ని మేపుకున్నందుకు పుల్లరి కట్టేది లేదని 1921లో పల్నాడు రైతులు ఎదురు తిరిగారు. మరుసటి ఏడు మించాలపాడులో కన్నెగంటి హనుమంతుని కాల్చి చంపారు.

హైదరాబాదులో ఉద్యోగం చేసిన రోజుల్లో 'కంచ గచ్చిబౌలి' అన్న పేరు వింటే ఏదో ముళ్ళకంచె అనుకునేవాణ్ణి. తెలంగాణలో కంచ అంటే పశువుల మేత కోసం విడిచిన గడ్డినేల. చుట్టూ కంచె వేసి కాపాడేవారు కనుక ఆ పేరొచ్చిందేమో. 2025లో అక్కడి 400 ఎకరాల గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్ళినప్పుడు ఒకరు అడవి అన్నారు, ఒకరు ఉత్త ఖాళీ స్థలం అన్నారు. నేల పేరులోనే ఉన్న మేత సంగతి ఎవరికీ గుర్తు రాలేదనిపించింది నాకు. కంచకి సరిగ్గా ఎదురుమాట బంజరు. పంట లేదు, శిస్తు రాదు, కాబట్టి పనికిరానిది. కాపరి కంచ అన్న నేలనే శిస్తు లెక్కలు రాసేవాడు బంజరు అనగలడు.

ఆదివారం అమ్మని పాయింట్ కుక్ దగ్గరి చీతమ్ చిత్తడినేలలకి తీసుకెళ్ళాను. ఒకప్పటి ఉప్పుమడులవి, ఇప్పుడు పక్షులవి. ఉప్పు అనగానే నాకు మళ్ళీ మాటల గోల. ఉప్పరవారి పేరులోనే వాళ్ళ పాత వృత్తి ఉంది. చవిటిమట్టిని నీళ్ళలో కలిపి, వడగట్టి, ఆ నీటిని ఇగిర్చి ఉప్పు తీసేవారు. 1805లో మద్రాసు ప్రభుత్వం ఉప్పు వ్యాపారం గుత్తకి తీసుకుంది. తర్వాత మట్టి ఉప్పునీ అణిచేశారు. ఉప్పరవారు చెరువులు, బావులు తవ్వే పనుల్లోకి వెళ్ళారు. తమని సగర చక్రవర్తి వంశం అని చెప్పుకుంటారు. సముద్రాన్ని తవ్విన కథ కదా సగరులది, పలుగు పట్టినవారికి అంతకన్నా తగిన పూర్వీకులు ఎవరు?

ఎద్దుల మందల మీద ఉప్పు మోసి ఊరూరా తిరిగిన లంబాడీల పేరు లవణం నుంచి వచ్చిందంటారు. బంజారా అన్నదేమో వణిజుడి నుంచి. ఈ రెండోదే నాకు గట్టిగా కనిపిస్తుంది, మొదటిది మరీ అందంగా ఉంది. రెండూ సరుకు కొన్నవాళ్ళు పెట్టిన పేర్లలాగే ఉన్నాయి. వాళ్ళు తమని తాము పిలుచుకునేది మాత్రం గోర్ అని.