ఎముక పిడి చాకు: ఇరవై ఆరు శతాబ్దాల దారి

వేట చాకు ముచ్చట వచ్చిందంటే అందరూ అలుగు పదును గురించే మాట్లాడతారు. నా మనసు మాత్రం పిడి మీదికే పోతుంది. ఇనుము పోయి ఉక్కు వచ్చింది, మడత పడే తీరు మారింది. అరచేతికి తగిలే ఎముక మాత్రం మొదటి చాకు నుంచీ ఉంది.

ఆస్ట్రియాలోని హాల్‌స్టాట్‌లో దొరికిన మడత చాకు క్రీ.పూ. 600-500 నాటిది. ఇప్పటికి తెలిసిన మడత చాకుల్లో అతి పాతవాటిలో అదొకటి. దాని పిడి ఎముకే. రోమన్ల కాలానికి కుందేలును తరిమే వేటకుక్క బొమ్మతో పిడులు వచ్చాయి. అయితే తెరిచిన అలుగును నిలిపి ఉంచడానికి లోపల ఏమీ లేదు, వేలి బలమే ఆధారం.

ఆ లోటు తీర్చింది 17వ శతాబ్దంలో ఇంగ్లండులోని షెఫీల్డ్ పనివాళ్లు. పిడి వీపున ఉక్కు పట్టీ ఒకటి బిగించారు. అదే స్ప్రింగు. అలుగు మొదలును అది అదిమి పట్టుకుంటుంది. గోటి గాడిలో బొటనవేలి గోరు పెట్టి లాగితే మొదట మొండికేస్తుంది, తరువాత టక్కున నిలబడుతుంది. జేబులో నమ్మకంగా పెట్టుకోగల చాకు అప్పుడు పుట్టింది. దానికి మూల్యం చెల్లించినవాళ్లు మాత్రం సానరాళ్ల ముందు కూర్చున్న కార్మికులు. రాతి దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు పాడై నడివయసు రాకుండానే పోయారు. ఈ చాకుల అందాన్ని పొగిడే ప్రతి చోటా వాళ్లను తలచుకోవాలి.

పిడికి షెఫీల్డ్ మోజుపడింది మన దేశపు సాంబర్ కొమ్ము మీద. మన కణుజే అది. ఏటా రాలిపోయే ఆ కొమ్ము గట్టిది, పైన గరుకు, తడి చేతిలోనూ జారదు. కానీ ఖరీదు. దాంతో చవకైన ఆవు కాలి ఎముకను చెక్కలుగా కోసి, గాడులు కొట్టి, గోధుమరంగు పట్టించి కొమ్ములా కనిపించేట్టు చేశారు. కొమ్మును అనుకరించబోయిన ఆ ఎముకకు తనదైన అందం వచ్చిందని నా గట్టి నమ్మకం.

1890లో అమెరికా దిగుమతులపై మెకిన్లీ సుంకం విధించడంతో షెఫీల్డ్ సరుకుకు అక్కడ గట్టి దెబ్బ తగిలింది. అమెరికా చాకుల పరిశ్రమకు అదే ఊపు. 1905లో పెన్సిల్వేనియాలోని బ్రాడ్‌ఫర్డ్‌కు చేరిన కేస్ సంస్థ ‘ఫోల్డింగ్ హంటర్’ను తెచ్చింది. మడిస్తే అయిదుంపావు అంగుళాలు, రెండు అలుగులు: మొన తేలినది కోతకు, వంపు తిరిగినది తోలు ఒలవడానికి. దాని నంబరు 6265లోనే జాతకమంతా ఉంది. 6 అంటే గాడుల ఎముక, 2 అంటే రెండు అలుగులు, 65 నమూనా సంఖ్య. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసి తుపాకుల గిరాకీ పడిపోయాక వాటిని తయారుచేసే రెమింగ్టన్ సంస్థ కూడా చాకుల్లోకి దిగింది. 1922లో ఎముక పిడిలో తూటా ఆకారపు బిళ్ల పొదిగి అమ్మింది.

ఎముకకు గడ్డుకాలం 1956లో వచ్చింది. చాకు కంపెనీలకు గాడుల ఎముక అందించే కనెక్టికట్‌లోని రోజర్స్ కార్ఖానా అగ్నికి ఆహుతైంది. ప్లాస్టిక్ చొరబడింది. 1964లో బక్ సంస్థ 110 నమూనా తెచ్చింది. తోలు ఒలుస్తుంటే అలుగు వేళ్ల మీదికి మడత పడుతుందనే భయం తీర్చే తాళం దానిది. పిడి నల్ల చెక్క. వేటగాళ్లు అటు మళ్లారు. 1990ల చివర భారత ప్రభుత్వం కొమ్ముల ఎగుమతినీ ఆపేసింది. మన అడవి మృగాల మేలు కోరేవాడిగా అది సరైన నిర్ణయమే అంటాను.

బ్రాడ్‌ఫర్డ్‌లో ఇప్పటికీ ఆవు కాలి ఎముకకు గాడులు కొడుతున్నారు. బాగా వాడిన పాత చాకును వెలుతురులో వంచి చూడండి. బొటనవేలు ఆనే చోట గాడులు అరిగి నున్నబడి ఉంటాయి. రంగు వెలిసి, కింద ఎముక తేనెరంగులో కనిపిస్తుంది.